ఐదు క్రోసుల ఆకాశం

ఒకానొక రాజ్యంలో, మోటారు బండ్లు పాతబడి విమానాలు కొత్తగా వస్తున్న రోజుల్లో, విజయభూపాలుడనే రాజు ఉండేవాడు. రాజ్యం చిన్నది. రెండు కొండల మధ్య ఒక గండి, గండి మొగలో కోట, చుట్టూ అరవై ఊళ్లు. రాజుగారి దర్పం మాత్రం ఆ గండిలో పట్టేది కాదు.

ఆ రాజ్యంలో విమానం ఉన్నది ఒక్క ఎస్తేరమ్మకే. ఆమె వైద్యురాలు. దేశం విడిచిపోతున్న ఒక దొర దగ్గర ఇద్దరు పట్టే పాత విమానం కొని, తనే నడపడం నేర్చుకుంది. బండి దారిన రెండు రోజులు పట్టే కొండగూడేలకు మందుల పెట్టెతో అరగంటలో వెళ్లి వాలేది. దారి ఒక్కటే. కోట మీదుగా, గండిలోంచి.

ఒక ఆదివారం ఉదయం రాజుగారు మేడ మీద గోచీ పెట్టుకుని, ఒళ్లంతా నువ్వులనూనె పట్టించుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే నెత్తి మీద విమానం గుర్రుమంది. ప్రభువులు ఉలిక్కిపడి లేచారు. నూనెకు కాలు జారింది. వెళ్లి సున్నిపిండి గంగాళంలో కూలబడ్డారు.

"ఎవరో మమ్మల్ని పైనుంచి చూశారు! రేపు రాళ్లే వేస్తారు!" అని కేకలు పెట్టారు.

సాయంత్రానికల్లా దివాను నరహరి పంతులు ఫర్మానా రాసి దండోరా వేయించాడు. "ప్రభువులవారు ఎక్కడ ఉంటే అక్కడికి ఐదు క్రోసుల లోపల ఏ విమానమూ ఎగరరాదు. ఎగరదలచినవారు మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇందులో ఎంతటివారికైనా మినహాయింపు లేదు."

ఆ చివరి మాటను దివాను తనలో తాను రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

ఇక చూడండి పాట్లు. రాజుగారు కోటలో ఉంటే గండి మూత. వేటకు పోతే ఐదు క్రోసులూ ఆయన వెంటే. ఒకసారి ఎస్తేరమ్మ విమానం నిలిపిన బీడు పక్కనే ప్రభువులు డేరాలు వేయించి నాలుగు రోజులు కౌజుపిట్టలు వేటాడారు. విమానం కదలడానికి లేదు. ఇంతలో గూడెంలో ఒకామెకు కాన్పు కష్టమైందని కబురొచ్చింది. ఎస్తేరమ్మ ఎద్దుబండి కట్టించుకుని రెండు రోజులు పోయింది. తల్లీ బిడ్డా దక్కారు గాని, ఆ తల్లి మూడు నెలలు మంచం దిగలేదు.

తిరిగొస్తూనే ఎస్తేరమ్మ దర్బారుకు వచ్చి మొర పెట్టుకుంది.

"దరఖాస్తు పెట్టుకోమన్నాం కదమ్మా," అన్నాడు దివాను. "ఏ రోగి, ఏ జబ్బు, ఏ రోజు అన్నది మూడు రోజుల ముందు రాసిస్తే సరి."

"పాము కరవబోయే ముందు నాకు చెప్పి కరవదు కదండీ!"

దర్బారులో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారు మీసం దువ్వి, "ఫర్మానా ఫర్మానాయే," అన్నారు. ఎస్తేరమ్మ దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ నవ్వినవాడు పేష్కారు బుచ్చివెంకయ్య. రాజుగారికి అర్జీలు చదివి వినిపించడం అతని పని. ఆ కాన్పు కోసం విమానాన్ని ఎగరనివ్వమని ఎస్తేరమ్మ పంపిన అర్జీ కూడా అతని చేతి మీదుగానే పోయింది. ఆ సంగతి అతన్ని ముల్లులా పొడుస్తూనే ఉంది.

నెల గడిచింది. రాజుగారి పుట్టినరోజు దగ్గరపడింది. బుచ్చివెంకయ్య ఒకరోజు అర్జీలు చదవడం ముగించి, నెమ్మదిగా అన్నాడు. "ప్రభూ, పొరుగు రాజావారు తమ పుట్టినరోజుకు ఏనుగెక్కి ఊరేగారట. ఏనుగు ఎంత ఎత్తని! తమబోటివారు ఎక్కదగింది ఆకాశం."

రాజుగారి కళ్లు మెరిశాయి. "డాక్టరమ్మకు కబురు పంపించు. పొరుగు రాజుకు కూడా ఆహ్వానం పంపు. కళ్లారా చూడనీ!"

పుట్టినరోజున కోట ముందు మైదానం కిటకిటలాడింది. సన్నాయిలు మోగుతున్నాయి. పొరుగు రాజు వెండి కుర్చీలో కూర్చున్నాడు. విజయభూపాలులవారు జరీ అంగరఖా, నడుముకు కత్తి, కళ్లకు గాలి అద్దాలతో విమానం ముందు సీటులో దర్జాగా కూర్చున్నారు. ఎస్తేరమ్మ విమానం ముక్కున ఉన్న పంకా తిప్పబోతోంది.

అంతలో బుచ్చివెంకయ్య ఫర్మానా చేతపట్టుకుని విమానానికి అడ్డంగా నిలబడ్డాడు.

"క్షమించాలి ప్రభూ. ప్రభువులవారికి ఐదు క్రోసుల లోపల ఏ విమానమూ ఎగరరాదు. ఇది ప్రభువులవారికి జానెడు దూరంలో కూడా లేదు."

"ఓరి పిచ్చివాడా, లోపల ఉన్నది మేమే!"

"అందుకే కదా ప్రభూ భయం! ఒక ఉపాయం ఉంది. తమరు దిగి ఐదు క్రోసుల అవతల నిలబడండి. అప్పుడు నిరభ్యంతరంగా ఎగరవచ్చు."

"మేము లేకుండా మేమెలా ఎగురుతామోయ్!"

పొరుగు రాజు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దివాను ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. "ప్రభువులకు నిబంధన వర్తించదయ్యా!"

"ఎంతటివారికైనా మినహాయింపు లేదని రాసింది తమరే కదండీ. పోనీ, దరఖాస్తు పూర్తి చేద్దాం." బుచ్చివెంకయ్య చెవి మీది కలం తీశాడు. "ఎగరడానికి కారణం, ప్రభూ?"

"కారణమేమిటి? సరదా!"

"సరదా అని రాస్తే దివాన్జీ ఒప్పుకోరు. సరే, ఆయుధాలేమైనా ఉన్నాయా? ఉన్నాయి, కత్తి. నడవడి మంచిదని ఇద్దరు పెద్దమనుషుల పూచీ కావాలి."

రాజుగారు ఆశగా పొరుగు రాజు వైపు చూశారు. ఆయన ఉన్నట్టుండి మబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"అన్నీ కుదిరితే మూడో రోజున ఎగరవచ్చు ప్రభూ," అన్నాడు బుచ్చివెంకయ్య.

"మూడో రోజా! మా పుట్టినరోజు ఇవాళ!"

ఎస్తేరమ్మ పంకా మీద నుంచి చెయ్యి తీసింది. "గూడెంలో ఆ తల్లి కాన్పు కూడా మూడు రోజులు ఆగలేదండీ మహారాజా," అంది మెల్లగా.

సన్నాయిలు ఆగిపోయాయి. రాజుగారు గాలి అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు. ఆమె ముఖం చూశారు, పేష్కారు ముఖం చూశారు, అతని చేతిలోని ఫర్మానా చూశారు. మీసాల కింద ఏదో కదిలింది. మరుక్షణం పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు.

"దివాన్జీ, మీరు మమ్మల్ని కాపాడబోయి మమ్మల్నే ఖైదు చేశారయ్యా! చించెయ్యండి ఆ కాగితం. మేము మేడ మీద ఉన్నప్పుడు ఎర్ర జెండా ఎగరేయించండి. అది చూసి కొంచెం పక్కగా పోతే చాలు. రోగి కోసం పోయే విమానానికి ఆ జెండా కూడా అడ్డం లేదు."

పంకా తిరిగింది. విమానం గండి దాటి, కొండలు చుట్టి, పావుగంటకు తిరిగొచ్చింది. దిగిన రాజుగారి తలపాగా ఎక్కడో పడిపోయింది. ముఖంలో మాత్రం పసిపిల్లవాడి సంబరం.

చేతికున్న బంగారు కడియం తీసి బుచ్చివెంకయ్య చేతికి తొడిగి, దివాను భుజం మీద చెయ్యి వేశారు.

"పంతులూ, పైనుంచి చూస్తే మన కోట అగ్గిపెట్టెంత ఉందయ్యా. అందులో గోచీతో ఉన్న మనిషి ఎవడికి కనపడతాడు!"