ఉగ్గుపాల చదువు

కుందవరం ఏలే జగ్గభూపతి గారికి ఒకనాడు పొద్దున్నే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. రాజుగారి ఎక్కిళ్ళు కథ చెప్పుకునేంత సంగతేమీ కాదు. కానీ ఆ రోజు రాజవైద్యులు పేరిశాస్త్రి గారు పొరుగూరికి పెళ్ళికి వెళ్ళారు. సాయంత్రం దాకా రాజుగారు తీర్పులన్నీ ఎక్కిళ్ళ మధ్యనే చెప్పారు. ఆ రోజు ఒకాయనకు ఎంత పొలం ఇచ్చారో ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు శాస్త్రిగారు రాగానే రాజుగారు అన్నారు:

"వైద్యుడు ఒక్కడే అయితే రోగాలు మీ తీరిక కనుక్కుని రావాలండీ. ఎవరినైనా శిష్యరికానికి చేర్చుకోండి."

"కాదు ప్రభూ," అన్నారు శాస్త్రిగారు.

ఆయన ఏ మాటైనా "కాదు"తోనే మొదలుపెడతారు. ఎండగా ఉందండీ అంటే, "కాదు, ఉక్క" అంటారు. ఆయన నోట "అవును" విన్నవాళ్ళు కోటలో లేరు.

"ఈ విద్య అందరికీ వచ్చేది కాదు. నాకైతే ఉగ్గుపాలతోనే అబ్బింది," అన్నారు. ఆ మాట ఆయన అన్నం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అంటూనే ఉంటారు.

రాజుగారికి సరదా పుట్టింది. "అయితే శాస్త్రిగారి చేత 'అవును' అనిపించినవాళ్ళే ఆయన శిష్యులు. ఊళ్ళో చాటింపు వేయించండి," అన్నారు.

జనం బారులు తీరి వచ్చారు. ఒకాయన వచ్చి, "సూర్యుడు తూర్పున పొడుస్తాడు గదండీ?" అన్నాడు.

"కాదు. ఈ నెలలో కాస్త ఈశాన్యంగా."

తెలివైనవాణ్ణని పేరున్న ఇంకొకాయన, "తమవంటి వైద్యులు ఈ భూమ్మీద లేరు గదా?" అన్నాడు.

"కాదు. మూడు లోకాల్లోనూ లేరు."

అందరూ వచ్చిన దారినే వెళ్ళిపోయాక తిప్పాంబ వచ్చింది. రాణిగారికి గంధం తీసే మనిషి. భుజం మీద మూడో నెల పాప. నెత్తికి గుడ్డ, చెవుల్లో దూది, బాలింత వాలకం ఇంకా పోలేదు.

"నువ్వెందుకమ్మా వచ్చావు?" అని రాజుగారు అడిగారు.

"చదువుకుందామని ప్రభూ. పోయిన ఏడు మా అక్క పురిట్లో పోయింది. శాస్త్రిగారు గుమ్మం బయట నిలబడి మందు చెప్పారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, పురిటిగదిలోకి మగవాళ్ళు రారు. కానీ లోపల దాని చెయ్యి పట్టి చూడ్డం తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు. నేనున్నాను, నాకేమీ తెలియదు. ఇంకోసారి అలా నిలబడలేను."

శాస్త్రిగారు తల అడ్డంగా ఊపారు.

"కాదమ్మా. ఒళ్ళో పసిబిడ్డ. ఆకలేస్తే ఏడుపు, పక్క తడిస్తే ఏడుపు. బాలింత బుర్రలో పాఠం నిలవదు."

"ఏడుస్తుందండి," అని ఒప్పుకుంది తిప్పాంబ. పాప కూడా అప్పుడే కాస్త ఏడ్చి చూపించింది. దాన్ని రెండో భుజానికి మార్చుకుని, "నాదొక సందేహం. తమకు వైద్యం ఉగ్గుపాలతో అబ్బిందంటారు. అదెలాగండీ?" అంది.

శాస్త్రిగారికి ఇష్టమైన ప్రశ్న అది. సర్దుకుని కూర్చున్నారు.

"మా నాన్నగారు వసారాలో శిష్యులకు పాఠం చెప్పేవారు. మా అమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని గుమ్మం పక్కన కూర్చుని ఉగ్గు పట్టేదట. ఆ పాఠాలు నా చెవిన పడేవి. అలా అబ్బింది."

"అప్పుడు తమరికి ఎన్నో నెల?"

"ఇదిగో, నీ బిడ్డంత."

"అమ్మగారికి అప్పటికే చదువు వచ్చా?"

"కాదు, కాపురానికి వచ్చేనాటికి మా అమ్మకు ఓనమాలు కూడా రావు."

తిప్పాంబ తల ఊపింది. ఆ తర్వాత చాలా మర్యాదగా అడిగింది:

"ఒళ్ళో బిడ్డకు వినబడిన పాఠం, ఆ ఒడి గల తల్లికి వినబడలేదాండీ?"

శాస్త్రిగారు నోరు తెరిచారు. "కాదు, వినబడింది" అంటే బాలింతకు పాఠం వస్తుందని ఒప్పుకున్నట్టే. వినబడలేదంటే అమ్మకు చెవుడని సభలో చెప్పినట్టు. అసలు పాఠమే లేదంటే, ఉగ్గుతో తనకు అబ్బింది అందులో కలిపిన ఆముదమే అవుతుంది.

ఆయనకు ఏదో గుర్తొచ్చినట్టుంది. నాన్నగారు ఊళ్ళో లేనప్పుడు, గుమ్మంలోకి వచ్చినవాళ్ళ నాడి చూసి చూర్ణం కలిపి ఇచ్చింది ఎవరో ఇన్నేళ్ళూ ఆయన ఆలోచించనేలేదు.

"వినబడింది," అన్నారు నెమ్మదిగా. "మా అమ్మకు వైద్యం వచ్చు."

"అంటే బాలింత చదవగలదన్నమాటేగా?" అన్నారు రాజుగారు, ముందుకు వంగి.

"అవును."

ముందు మంత్రిగారు నవ్వారు, తర్వాత భటులు, తర్వాత తెర వెనక రాణిగారు. రాజుగారు నవ్వీ నవ్వీ మళ్ళీ ఎక్కిళ్ళు తెచ్చుకున్నారు. ఆ ఎక్కిళ్ళతోనే తిప్పాంబకు పట్టుచీర ఇప్పించి, శాస్త్రిగారు పాఠం చెప్పబోయే గది దూలానికి ఉయ్యాల కట్టించమని ఆజ్ఞ ఇచ్చారు.

"ప్రభూ, పాఠం మధ్యలో పిల్ల లేస్తే ఆ ఉయ్యాల తాడు ఎవరు లాగుతారు?" అన్నారు శాస్త్రిగారు దిగులుగా.

"తమరే లాగండి గురువుగారూ," అంది తిప్పాంబ. "పాఠం చెబుతూ లాగితే మా అమ్మాయికీ ఉగ్గుపాలతోనే అబ్బుతుంది."

"కా..." అన్నారు శాస్త్రిగారు అలవాటు కొద్దీ.

సభంతా ఆయన వైపు తిరిగింది. రాజుగారు ఎక్కిళ్ళు బిగబట్టుకుని మరీ చూశారు. పాప కూడా చూసింది.

"కానివ్వండి," అన్నారు శాస్త్రిగారు.