గుల్లలపాలెం ఎదురమ్మ ఎత్తిన చెయ్యి

బహుధాన్య నామ సంవత్సరం కార్తీక మాసంలో మైలపిల్లి దానమ్మకు అన్యాయం జరిగింది. చేసినవారు పరాయివారు కారు, ఆమె సొంత ఊరు గుల్లలపాలెమే. దర్శనానికి వచ్చిన భక్తులు ముందు ఈ మాట తెలుసుకొని, తరువాత కొబ్బరికాయ కొట్టాలి.

నేడు ఎదురమ్మ గుడి సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బ మీద, మొగలి పొదల నడుమ ఉన్నది. గోపురం లేదు, తలుపు లేదు. నడుమెత్తు నల్లరాయి, దానికి పైకెత్తిన కుడిచెయ్యి. అభయహస్తమనుకొని చెంపలు వేసుకునేవారే ఎక్కువ. అది అభయం కాదు. ఆగమని ఎత్తిన చెయ్యి.

పూర్వం ఇక్కడ తెప్పల మీద వేటకు పోయే గంగపుత్రులు ఉండేవారు. దానమ్మ పెళ్లైన ఏడాదికే మగణ్ణి సముద్రానికి అప్పగించి పుట్టింటికి చేరింది. తల్లి లేని తమ్ముడు ఎల్లాజీని చంకనెత్తుకొని పెంచింది. వాడే ఆమె లోకం. చేపలు ఎండబెట్టడానికి, పురుడు పొయ్యడానికి, శవం దగ్గర ఏడవడానికి ఊరికి దానమ్మ కావాలి. తెప్పలు కదిలే వేళ మాత్రం ఆమె తలుపు మూసుకొని లోపలుండాలి. విధవ ఎదురైతే వేట దక్కదట!

శకునాల ఊరు అది. పిల్లి నడకకూ, బల్లి పలుకుకూ అర్థం చెప్పగలవారు ఇంటికొకరు. కాపు కాసే తల్లి మన చేతి పనిలోనే మాట్లాడుతుందని మాత్రం ఒక్కరికీ తెలియదు.

ఆనాటి తెల్లవారుజామున దానమ్మ చెలమలో నీళ్లు తోడింది. నిన్నటిదాకా తియ్యగా ఉన్న ఊట ఉప్పగా ఉంది. ఒడ్డున తిరిగే ఎర్రపీతలు మెట్టకెక్కి ఆమె పొయ్యి చుట్టూ చేరాయి. ఆకు కదలడం లేదు, అయినా గూటిలో గంగమ్మ ముందు పెట్టిన దీపం వెలిగించిన కొద్దీ ఆరిపోతోంది. చమురు పోసింది. వత్తి మార్చింది. మళ్లీ ఆరింది.

"వద్దంటన్నావా, తల్లీ?"

అప్పటికే ఒడ్డున హైలెస్సా వినబడుతోంది. దానమ్మ తలుపు తోసుకొని పరుగెత్తి, తమ్ముడి తెప్పకు ఎదురుగా నిలిచి చెయ్యెత్తింది. తెప్పలను ఒడ్డు నుంచి సాగనంపుతున్న కులపెద్ద సూరప్పడు మీదికొచ్చాడు.

"ముండమోపివి, తెప్పకెదురొస్తావేటే? సిగ్గు నేదా?"

"సిగ్గు ఒడ్డునే ఉంటది మావా, నీళ్లలోకి పోయేది పేనం. సెలమ ఉప్పెక్కింది. పీతలు మెట్టకెక్కీసినాయి. గంగమ్మ వద్దంటంది."

"గంగమ్మకి నువ్వు తప్ప మడుసులే దొరకనేదా?" అన్నాడు సూరప్పడు. తెప్పల మీదివాళ్లంతా నవ్వారు.

ఎల్లాజీ తలెత్తలేదు. "అప్పా, ఇంటికి పో. నా పరువు తియ్యకు."

సూరప్పడు గుప్పెడు ఇసుక తీసి ఆమె మొహాన కొట్టాడు. కళ్లు నులుముకొని చూసేసరికి తెప్పలు అలలు దాటిపోయాయి.

సాయంత్రానికి సముద్రం లేచింది. ఒక్క తెప్పా తిరిగి రాలేదు. ఎల్లాజీ పోయాడు, సూరప్పడి కొడుకులూ పోయారు. అంత చావు చూసీ ఊరికి బుద్ధి రాలేదు. "దాని ఎదురే మింగింది" అని దానమ్మను తరిమింది. వద్దని చెప్పిన నోటికే శిక్ష! ఆమె ఈ దిబ్బ మీద కూర్చొని, తమ్ముడికి ఒడ్డు కనబడాలని ఎండు మొగలి ఆకులతో మంట వేసుకుంటూ ఉండిపోయింది. గంజి పోసిన చెయ్యి లేదు.

మార్గశిర అమావాస్య నాడు గంగమ్మ సూరప్పడి కలలోకి వచ్చింది. తల్లి కళ్ల నిండా ఇసుక.

"నా మొహాన కొట్టినవాడివి నువ్వే కదరా. పో, పోయి ఆ చెయ్యి దించు."

అతడు దిబ్బ ఎక్కేసరికి బూడిద చల్లారి ఉంది. దానమ్మ కూర్చున్నట్టే పోయింది, సముద్రం వైపు చెయ్యెత్తి. దించబోతే దిగలేదు. ఆ చోటనే రాయి నిలిపి, దించలేని చెయ్యిని చెక్కించారు. ఎదురొచ్చిన అమ్మ కనుక ఎదురమ్మ అయింది.

నేటికీ గుల్లలపాలెంలో విధవరాలు ఎదురు రానిదే పడవ కదలదు. ఇంజన్లు వచ్చినా, సెల్‌ఫోన్లో తుఫాను కబురు వచ్చినా పద్ధతి మారలేదు. "ఏటి సూసినావు, తల్లీ?" అని పెద్దలు తలవంచి అడగాలి. ఆమె నీళ్ల రుచి, పీతల జాడ, దీపం సంగతి చెబుతుంది. చెయ్యెత్తితే ఆ రోజు వేట లేదు. ఇక్కడ మొక్కినవారికి సిరిసంపదలు కలుగుతాయని ఎవరూ అనరు. తనను కాచే తల్లి ఇంట్లో చేసే సైగ కంటికి ఆనుతుందంటారు. అంతకు మించిన వరం కావలసినవారు వేరే గుడి చూసుకోవచ్చు.

పీఠం మీద పోయినవారి పేర్లు లేవు. దానమ్మ చెయ్యెత్తిన రోజు ఒక్కటే చెక్కి ఉన్నది: బహుధాన్య, కార్తీక బహుళ ద్వాదశి, మంగళవారం.