తాతగారి ఎదుట తలపాగా

ఎండాకాలం వచ్చిందంటే కాకులు కూడా గూడు దాటని ఒకానొక రాజ్యంలో మార్తాండ భూపాలుడనే రాజుగారు ఉండేవారు. మంచివాడే, కాదనను. కాకపోతే గొప్పలకు పోయే గుణం ఒకటుండేది. తమది సూర్యవంశమనీ, నెత్తిన మండే సూర్యుడు సాక్షాత్తూ తమ తాతగారనీ వందిమాగధుడెవడో ఓసారి పొగిడాడు. వాడు బహుమానం పుచ్చుకుని తన దారిన పోయాడు. ఆ మాట మాత్రం రాజుగారి తలకెక్కి కూర్చుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాజుగారు ఒక ఆజ్ఞ జారీ చేశారు. ఇకమీదట కొలువు మిట్టమధ్యాహ్నం, కోట ముంగిట్లో, ఆరుబయట. అందరూ పట్టు అంగీలు తొడుక్కుని, తలపాగాలు చుట్టి, శాలువాలు కప్పుకుని రావాలి. గొడుగు పట్టకూడదు, విసనకర్ర ఊపకూడదు. కోటలో మజ్జిగ, పానకం, తాటిముంజలు కంటికి కనబడకూడదు. భోజనంలోకి మాత్రం నేతిగారెలూ ఆవకాయా తప్పనిసరి.

"మా తాతగారి చూపు మా మీద పడితే మాకు ఉక్కపోయడమేమిటి? వంశానికే తలవంపులు," అన్నారు.

మనలో మాట, ఆయనకూ ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు రాజదండంతో వీపు గోక్కునేవారు. అందరూ చూసేవారు. చూడనట్టు ఉండేవారు.

ఆ కొలువులో దుగ్గన అనే చమత్కారి ఉండేవాడు. రాజుగారికి తోచనప్పుడు కబుర్లు చెప్పి నవ్వించడం అతని పని. ఆ ఎండకు నాలుక పిడచకట్టుకుపోతుంటే కబుర్లెక్కడినుంచి వస్తాయి? అతనూ శాలువా కప్పుకుని అందరితోపాటు ఉడికిపోతూ కూర్చునేవాడు. అతని బావమరిది నూకన్న రాజభటుడు. సింహాసనం పక్కన ఈటె పట్టుకుని నిలబడటం వాడి ఉద్యోగం.

ఒకనాడు కొలువు నడుస్తుండగా నూకన్న కాసేపు ఊగాడు, తూగాడు, ఆ పైన వెల్లకిలా పడిపోయాడు. ఈటె ఒకవైపు, తలపాగా ఒకవైపు. మొహాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, "మజ్జిగ," అన్నాడు పాపం.

రాజుగారి మీసాలు అదిరాయి.

"మా తాతగారి ఎదుట కూలబడటం ఒక నేరం. వద్దన్న పదార్థం పేరెత్తడం ఇంకో నేరం. రేపు కొలువు కాగానే వీణ్ణి కోట ముందరి రాతిబండ మీద పొద్దుగూకేదాకా నిలబెట్టండి," అన్నారు.

దుగ్గన బావమరిదికేసి చూశాడు. అసలే వడదెబ్బ తిన్నవాడు. ఆ బండ మీద నిలబెడితే ప్రాణాలతో దిగుతాడా? పోనీ రాజుగారి కాళ్ళమీద పడదామంటే, పడటమే నేరమైపోయింది.

ఇంటికి వెళ్తే భార్య అచ్చమ్మ గుమ్మంలోనే అడ్డుపడింది. కబురు అప్పటికే చేరింది.

"ఊరందరినీ మాటలతో బోల్తా కొట్టిస్తావు. నా తమ్ముడి ప్రాణం మీదికి వచ్చేసరికి నోట్లో మాట లేదేం?" అని కళ్ళు తుడుచుకుంది. "రేపు వాడు లేకుండా ఇంటికి రాకు. వచ్చావంటే మజ్జిగ మాట దేవుడెరుగు, కుండ కడిగిన నీళ్ళు కూడా పొయ్యను."

"ఆలోచించనీవే," అన్నాడు దుగ్గన. కంచం ముందు కూర్చున్నాడే గాని ముద్ద దిగలేదు. పక్కవాకిట్లో ముసలాయన ఎవరో బయటినుంచి వచ్చినట్టున్నాడు. అరుగుమీద కాలుమీద కాలేసుకున్న మనవడు చటుక్కున దిగి, తలగుడ్డ తీసి, భుజంమీది కండువా నడుముకు చుట్టుకుని ఒదిగి నిలబడ్డాడు. కోడలు చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. దుగ్గన చూసి చూసి, కంచం ఖాళీ చేసి లేచాడు.

మర్నాడు కొలువుకు అందరూ శాలువాల్లో వచ్చారు. దుగ్గన ఒక్కడూ తలపాగా లేకుండా, అంగీ లేకుండా, చెప్పుల్లేకుండా, కండువా నడుముకు చుట్టుకుని వచ్చాడు. వచ్చి కూర్చోనైనా కూర్చోలేదు. ఆకాశంకేసి చేతులు జోడించి ఒదిగి నిలబడ్డాడు. అవతల నూకన్నను భటులు రెక్కలు పట్టుకుని నిలబెట్టారు.

"ఇదేం వేషం, దుగ్గనా?" అన్నారు రాజుగారు.

"నెమ్మదిగా, ప్రభూ. పెద్దాయన వింటారు."

"ఏ పెద్దాయన?"

"మీ తాతగారు. నడినెత్తిన నిలబడి మనల్నే చూస్తున్నారు. పెద్దల ఎదుట తలపాగాతో, భుజాన శాలువాతో నిలబడటానికి నాకు మనసొప్పలేదు. మా ఇంట్లో అట్లా పెంచలేదు."

రాజుగారు ఉలిక్కిపడ్డారు. అనుమానంగా పురోహితుడు యజ్ఞన్న సోమయాజిగారి వైపు చూశారు. ఆయన రెండు శాలువాల కింద ఉడుకుతున్నాడు. ఇంతకంటే మంచి అదను దొరకదని ఆయనకు తెలిసిపోయింది.

"దోషం, ప్రభూ, మహాదోషం," అంటూ తన రెండు శాలువాలూ అప్పుడే తీసిపారేశాడు. "పెద్దల ఎదుట పాదరక్షలు అంతకంటే దోషం."

సభంతా టపటపా శాలువాలు రాలిపోయాయి. లావుపాటి మంత్రిగారైతే అంగీ బొత్తాలు తెంపుకున్నాడు. ఇక రాజుగారు ఏం చేస్తారు? సూర్యుడు తాత కాదంటే వంశం పోతుంది. తాత అంటే తలపాగా పోతుంది. వంశానికే ఓటేసి కిరీటం తీశారు, అంగీ తీశారు, పాదరక్షలు విడిచారు. చెమటకాయలకు గాలి తగిలి ఆయన మొహం కాస్త విప్పారింది కూడా.

"ఒక్క మాట, ప్రభూ," అన్నాడు దుగ్గన. "తాతగారు నిలబడి ఉండగా మనవడు సింహాసనం మీద కూర్చోవడం..."

రాజుగారు ఉత్తకాళ్ళతో కింది బండల మీదికి దిగారు. దిగిన మరుక్షణం ఒక కాలెత్తారు. దాన్ని దించి ఇంకో కాలెత్తారు. ఆ తరవాత ఏ కాలు ఎప్పుడెత్తుతున్నారో చూసేవాళ్ళకు అంతు చిక్కలేదు.

"తాతగారిని చూసిన సంతోషం," అన్నాడు దుగ్గన సభతో. సభ తలలూపింది.

"ఎంతసేపు ఈ మర్యాద?" అన్నారు రాజుగారు గంతుల మధ్య.

"ఆయన పడమటింటికి వెళ్ళేదాకా. అయినా మనం ఇంత ఆలస్యంగా నేర్చుకున్నాం. మీ నూకన్న నిన్ననే చేశాడు. ఈ సభలో తాతగారికి సాష్టాంగపడింది వాడొక్కడే."

రాజుగారికి కాళ్ళు కాలుతున్నా బుర్ర పనిచేస్తూనే ఉంది. "సాష్టాంగమా? సాష్టాంగం బోర్లా కదా చేస్తారు? వాడు వెల్లకిలా పడ్డాడు."

"తాతగారున్నది పైన కదా, ప్రభూ. బోర్లా పడితే ఆయనకు వీపు చూపినట్టు కాదూ?"

రాజుగారు మళ్ళీ కాలు మార్చారు. "మరి మజ్జిగ అన్నాడే?"

"పొద్దుటినుంచి నడిచి నడిచి వచ్చిన పెద్దాయనకు మజ్జిగైనా ఇవ్వరా అని మనకు గుర్తుచేశాడు. మనకే బుద్ధి లేకపోయింది. ముందు నైవేద్యం పెట్టిద్దాం. తరవాత ప్రసాదం అందరూ పుచ్చుకోవాలి, అది ఎలాగూ తప్పదు. పుచ్చుకున్నాక పెద్దాయన ఎదుట పడకుండా చాటున ఉండటం కూడా మర్యాదే. మా తాత అరుగుమీదుంటే మేం దొడ్డిదారినే తిరిగేవాళ్ళం."

"చాటు," అన్నారు రాజుగారు. అని, మాట పూర్తికాకముందే మండపం నీడలోకి పరిగెత్తారు.

అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన మజ్జిగ కుండలు ఊళ్ళోంచి వచ్చాయి. సూర్యుడికి చూపించారు. ఆయన వద్దనలేదు. రాజుగారు ఒక ముంత తాగి కళ్ళు మూసుకున్నారు. ఇంకో ముంత తాగి కళ్ళు తెరిచారు. ఎదురుగా నూకన్న, చెరో రెక్కా పట్టుకున్న భటుల మధ్య గటగటా తాగుతున్నాడు. వాడి మొహంలోకి నెత్తురు వస్తోంది. రాజుగారు వాణ్ణి చాలాసేపు చూశారు.

"వాణ్ణి వదలండి," అన్నారు చివరికి. "నిన్న మా నోట అట్లాంటి మాట రావలసింది కాదు. రేపటినుంచి కొలువు తెల్లవారుజామున. గారెలు తాతగారు వెళ్ళాక. కోటగుమ్మంలో చలివేంద్రం పెట్టి నూకన్నకు అప్పగించండి."

ఆ పైన దుగ్గనకేసి తిరిగి మీసాల చాటున నవ్వారు. "మా తాతను అడ్డం పెట్టుకుని మాచేత గంతులేయించావు. నీ తెలివికి సన్మానం చెయ్యాల్సిందే. ఎవరక్కడ, ఇతనికి జరీ శాలువా కప్పండి."

దుగ్గన రెండడుగులు వెనక్కి వేశాడు.

"అంత తప్పు నేనేం చేశాను, ప్రభూ?" అన్నాడు.

రాజుగారి నోట్లోని మజ్జిగ సోమయాజిగారి మీద పడింది. పొట్ట పట్టుకుని, స్తంభానికి ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. శాలువాను చలికాలానికి దాచమని, తమ పశువులశాలలోంచి పాడిగేదెనొకదాన్ని ఇప్పించారు.

సాయంత్రం దుగ్గన గేదెను తోలుకుంటూ, బావమరిదిని వెంటబెట్టుకుని ఇల్లు చేరాడు. అచ్చమ్మ తమ్ముడి ఒళ్ళంతా తడిమి చూసి ఏడ్చింది, నవ్వింది. ముందు తమ్ముడికి ముంతెడు మజ్జిగ పోసింది. తరవాత గేదెకు కుడితి పెట్టింది. ఆ తరవాత దుగ్గన వంతు వచ్చింది. అతనికి పోసింది మాత్రం మీగడ తీయకుండా చిలికిన మజ్జిగ.