మూత తీయని కంచం

కర్నూలులో ఒక నర్సింగ్ కాలేజీ హాస్టల్లో చంద్రకళ అనే అమ్మాయి ఉండేది; అందరి కష్టాలూ ఓపిగ్గా వినేది గానీ, తన కష్టం మాత్రం పెదవి దాటనిచ్చేది కాదు.

కష్టకాలంలో విద్యార్థులు ప్రాణం తీసుకోకుండా వాళ్లను కాపాడేదేమిటో తెలుసుకుందామని చంద్రకళ ఒక సర్వే మొదలుపెట్టింది. "గుండె బరువెక్కితే ఎవరికి చెప్పుకుంటారు?" అని గదిగదికీ తిరిగి కాగితాల మీద రాయించుకుంది.

"మరి నీ కాగితం ఖాళీగా ఉందేమే?" అని అడిగింది ఆమె గదిలోనే ఉండే రజియా.

"నేను అడిగేదాన్ని, చెప్పుకునేదాన్ని కాదు" అంది చంద్రకళ. అబ్బో, ఎంత గీరో!

ఆ హాస్టల్లో వంట చేసే ఈశ్వరమ్మకు ఒక పద్ధతి ఉండేది. భోజనానికి రాని పిల్లకు కంచంలో వడ్డించి, పేరు రాయించిన చీటీ పెట్టి మూత వేసేది. రెండు పూటలు మూత తీయకపోతే తానే గదికి వెళ్లేది.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఎన్నడూ తప్పని చంద్రకళ ఒక పేపరు తప్పింది. నాన్నకు ముఖమెలా చూపించాలో తోచలేదు. ఎవరికైనా చెబుదామంటే నోరు రాలేదు. మర్నాడు రజియా డ్యూటీకి వెళ్లగానే తలుపు మూసుకుని కూర్చుంది. ఇక బతకడమెందుకు అనిపించింది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. కంచంతో ఈశ్వరమ్మ, వెనకాలే డ్యూటీ నుంచి వచ్చిన రజియా!

"పొద్దున కంచం అట్లే ఉంది, ఇదీ అట్లే ఉంది. ఏమైంది పాపా?"

"ఆకలి లేదత్తా."

ఈశ్వరమ్మ పక్కన కూర్చుంది. "దాచకుండా చెప్పు. చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఆ మాట వినగానే చంద్రకళ భోరుమంది. "అవునత్తా" అంది. ఈశ్వరమ్మ తిట్టలేదు, నీతులు చెప్పలేదు. చెయ్యి పట్టుకుని అంతా విన్నది. రజియా కాలేజీ కౌన్సిలర్ మేడమ్‌ను పిలుచుకొచ్చింది. మేడమ్ చంద్రకళ నాన్నకు ఫోన్ కలిపింది.

"పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు తల్లీ, నువ్వు మాకుండాలి. సాయంత్రానికి నీ దగ్గరుంటా" అన్నాడు నాన్న.

ఆ తర్వాత చంద్రకళ కొన్నాళ్లపాటు మేడమ్ దగ్గరికి వెళ్తూనే ఉంది. మనసు మెల్లగా తేలికపడింది. సర్వే వివరాలు చెప్పే రోజున, కాలేజీ అంతా వింటుండగా మొదట తన కాగితమే చదివింది. "రజియా, మేడమ్, నాన్న, ఈశ్వరమ్మత్త" అంది. సర్వేలో కొత్త ప్రశ్న కూడా చేర్చింది: "మీరు అన్నం తినకపోతే ఎవరు గమనిస్తారు?"

చప్పట్లతో హాలు మారుమోగింది. ముందు వరుసలో ఈశ్వరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "మా పాప!" అని పక్కవాళ్లకు చూపించుకుంది.

కష్టాన్ని నలుగురికి చెప్పుకోవడం చేతకానితనం కాదు, ధైర్యం. ఎదుటివాళ్ల మౌనాన్ని గమనించి పలకరించడం ప్రాణాన్ని నిలబెట్టే పని.