జరీనాకి దక్కని తొలిగరిటె

అనగనగనగా, పాలని ఉలితో చెక్కుకుని తాగే ఒక ఊళ్ళో ఒక పిల్ల ఉండేది. అంత చలి ఆ ఊళ్ళో. ఆవు కింద చెంబు పెడితే ఐస్‌క్రీమే పడుద్ది. నవ్వకే, నేను కళ్ళారా చూశా, ఫోన్లో.

ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు. జర్మనీ దేశంలో ఆ చివర. పిల్ల పేరు జరీనా. మనూరి పిల్లే. పెద్ద చదువు చదవటానికి ఒక్కతే పోయి హాస్టల్లో ఉంది. ఇంటికాడ దానికి ఒక చెల్లెలు, నగీనా. నువ్వు కాదులే. లోకంలో నువ్వొక్కదానివే నగీనావా ఏంది. వాళ్ళకి ఒక అమ్మమ్మ కూడా ఉంది. ఆమె సేమ్యా పాయసం కాసిందంటే, ఆ వాసనకి రైలు పట్టాలు దిగి వాళ్ళ వీధిలోకొచ్చి ఆగేది. అందగత్తె కూడాను.

ఆ ఇంట్లో రంజాన్ పండగనాడు ఒక పద్ధతుంది. మగాళ్ళు నమాజు నుంచి రాగానే అమ్మమ్మ గిన్నె మూత తీసుద్ది. జీడిపప్పంతా పైన తేలే తొలిగరిటె పెద్ద మనవరాలికి పోసుద్ది. అంటే జరీనాకి. పుట్టినకాడ్నుంచీ అది దానిదే.

అప్పుడు పండగ దగ్గరకొచ్చింది. నగీనా ఫోన్ చేసింది. "అక్కా, నా గోరింటాకు చూడు. నీకెప్పుడూ ఇంత ఎర్రగా పండలా" అంది. "బాగుందిలే" అంది జరీనా. లోపల చురుక్కుమంది.

ఆ తర్వాత మళ్ళీ చేసింది. "అమ్మమ్మ పక్కలో గోడవైపు నీ చోటుంది చూడు, అది ఇప్పుడు నాదే. నా మీద చెయ్యేసుకునే నిద్దరపోద్ది" అంది. జరీనా ఫోన్ని చెవికి దూరంగా పట్టుకుంది. "సరిగ్గా వినపడట్లేదే" అని పెట్టేసింది.

ఆ తర్వాత మూడోసారి. "నువ్వు లేవు కదక్కా, ఈ ఏడు తొలిగరిటె నాకే" అంది. అప్పుడు జరీనాకి కుళ్ళు పుట్టింది చూడూ, ఆ వేడికి హాస్టల్ మీద మంచు మొత్తం కరిగి వీధిలో వరదొచ్చింది. జనం పడవలేసుకుని ఆఫీసులకి పోయారు.

ఇంతలో ఆ దేశంలో నెలవంక ఒకరోజు ముందే కనపడింది. అక్కడ పండగ, మనకింకా ఒక్కపొద్దే. "చెల్లికన్నా ముందు నేనే తింటా. దాని కళ్ళ ముందే తింటా" అనుకుంది జరీనా. నమాజు చదివొచ్చి, పాలు చెక్కి పొయ్యిమీద పెట్టింది. సేమ్యా నేతిలో వేయించింది. జీడిపప్పు గుప్పిళ్ళతో పోసింది. ఫోన్ని డబ్బాకి ఆనించి నగీనాని పిలిచింది.

"చూడవే బుడ్డీ, తొలిగరిటె" అని గరిటె ముంచింది. నగీనా మూతి సున్నాలా అయింది.

అప్పుడు తలుపు చప్పుడైంది. పక్కగది పిల్ల, హవా అని, సూడాన్ దేశం దానిది. వాసనకొచ్చింది. పండగపూట తలుపు తట్టిన మనిషికి పెట్టకుండా మనం తినం కదా. ఆ గరిటె హవా గిన్నెలోకి పోయింది. "మా అమ్మ ఇంకా బాగా చేసుద్ది" అని హవా ఏడ్చింది. ఏడుస్తూనే గిన్నె నాకింది.

"పోయిందిగా తొలిగరిటె" అంది ఫోన్లో నగీనా.

"ఎవరు చూశారే. రెండోదే తొలిది" అంది జరీనా.

ఆ తర్వాత మళ్ళీ తలుపు. ఈసారి మెట్లు తుడిచే ముసలామె, టర్కీ ఆమె. నా అంత అందగత్తె కాదు. పిల్ల బుగ్గ నిమిరి వాళ్ళ భాషలో ఏదో ముద్దుగా అంది. పరాయి పిల్ల బుగ్గలతో ఆమెకేం పనో. ఆమె గిన్నెలోకి గరిటె మీద గరిటె పోయింది.

ఆ తర్వాత మూడోసారి హాస్టల్ హాస్టలంతా వచ్చింది. వీధిలో బస్సు ఆపేసి డ్రైవర్ కూడా వచ్చాడు. వాళ్ళు ఒక్కొక్క గుటకేస్తుంటే జరీనా గొంతు కదిలింది.

అందరూ పోయారు. గిన్నెలో పాయసం లేదు. "అయితే తొలిగరిటె రేపు నాదే" అని నగీనా గంతులేసింది.

జరీనా నేలమీద కూలబడింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెంచాతో అడుగు గోకింది. మీగడ, నెయ్యి, చక్కెర కలిసి ఎర్రగా అడుగంటిన మాడు ముద్దగా లేచొచ్చింది. నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఏందక్కా, మాడిందా?"

జరీనా ఇంకోసారి గోకింది. ఆ తర్వాత మెల్లగా, "అమ్మమ్మని పిలువే" అంది.

అమ్మమ్మ వచ్చింది. "ఏటేటా గిన్నె నేను తోముకుంటా, మీరు పోయి ఆడుకోండి అని మమ్మల్ని తరిమేది ఇందుకా అమ్మమ్మా?" అంది జరీనా.

ముసలామె ఫోనుకి కొంగు అడ్డం పెట్టి, "సిగ్నల్ లేదు తల్లీ" అంది.

తెల్లారి మనింట్లో పండగ. వాళ్ళింట్లో, అదే. అమ్మమ్మ తొలిగరిటె పోయబోతే నగీనా మూతి తిప్పుకుంది. "నాకొద్దు. గిన్నె నేనే తోముతా" అంది. "దానికియ్యొద్దు. నేనొచ్చిందాకా ఆ గిన్నె ఎవరూ తోమటానికి లేదు" అని ఫోన్లోంచి జరీనా.

అప్పుడు ఆ ముసలామె ఏం చేసిందో తెలుసా? గిన్నె చంకనేసుకుని, ఆ వయసులో, దొడ్డిగోడ దూకింది. జింక కూడా అంత ఎత్తు ఎగరదు. ఎవరామె అంటావా, నాకేం తెలుసు. కళ్ళు మూసుకో.

కథ పోయె కంచికి, గిన్నె చేరె ఇంటికి,
మాడు నా పంటికి, నిద్దర నీ కంటికి.