కర్లూ పిట్ట ఏడుపు

పొడుగాటి వంపు ముక్కున్న కర్లూ పిట్ట ఒకప్పుడు ఏడ్చేది కాదు, పాడేది. ఊళ్ళోనే, గడ్డి కప్పుల మీద గూడు కట్టుకునేది.

ఐర్లండ్ పడమటి కొసన నాక్‌డారా అని చిన్న ఊరు. ఊరి పక్కనే పెద్ద బురదనేల. మగవాళ్ళు అక్కడికి వెళ్ళి, పొయ్యిలోకి కట్టెల్లా మండే నల్లటి మట్టిపెళ్ళలు కోసుకొచ్చేవాళ్ళు. పొగమంచు కమ్మితే దారి కనిపించేది కాదు. అప్పుడు కర్లూ పిట్ట కప్పు మీద కూర్చుని పాడేది. ఆ పాట పట్టుకుని అందరూ ఇళ్ళకు చేరేవాళ్ళు.

ఆ పిట్ట గూడు సోర్చా ఇంటి కప్పు మీద ఉండేది.

ఒక పండగనాడు ఊరిపెద్ద కోర్మాక్ వచ్చాడు. "విందుకు గుడ్లు చాల్లేదమ్మా. నీ ఇంటిమీద ఉన్నాయిగా, నిచ్చెన పట్టుకో" అన్నాడు.

"వద్దు సోర్చా! నా పిల్లలు!" అని పిట్ట గోలపెట్టింది.

సోర్చాకు మనసొప్పలేదు. కానీ ఊరిపెద్దకు ఎదురు చెప్పలేక, తల దించుకుని నిచ్చెన పట్టుకుంది. విందులో తన వంతు గుడ్డు కూడా తిన్నది.

పిట్ట ఊరంతా తిరిగి అరిచింది. ఒక్కరూ తలెత్తి చూడలేదు. అరిచి అరిచి దాని గొంతు బొంగురుపోయింది.

కొన్నాళ్ళకు సోర్చా మొగుడు ఫెర్గల్ బురదనేలకు వెళ్ళాడు. చూస్తుండగానే పొగమంచు కమ్మేసింది.

సోర్చా వాకిట్లోకి పరుగెత్తింది. "పిట్టా, పాడవే! నీకు దణ్ణం పెడతా!"

"నా పిల్లల్ని తిన్న నోటితోనే అడుగుతున్నావా?"

"తప్పు నాది. ఆయన ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఆయనేం చేశాడే నిన్ను?"

పిట్ట మనసు కరిగింది. బురదనేల మీదికి ఎగిరి నోరు తెరిచింది. పాట రాలేదు. ఏడుపు వచ్చింది. ఎంత ప్రయత్నించినా ఏడుపే వచ్చింది.

మంచులో ఫెర్గల్ ఆగాడు. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది.

"సోర్చా! నన్ను వెతుక్కుంటూ వచ్చావా? కదలకు, నేనొస్తున్నా!" అని ఆ ఏడుపు వైపు నడిచాడు.

అటు నేల మెత్తన.

వాకిట్లో నిలబడ్డ సోర్చాకు తన పేరు వినిపించింది. "ఇటు! ఇటు!" అని గొంతు చించుకుని అరిచింది. మళ్ళీ పిలుపు రాలేదు.

మంచు విడిచాక బురద మీద అతని టోపీ ఒక్కటే దొరికింది. ఊరివాళ్ళు పిట్టను తిట్టి, రాళ్ళతో తరిమారు. అందరికన్నా ముందు రాయి విసిరింది కోర్మాక్. సోర్చా అతణ్ణి ఆపలేదు. ఆ రోజు కూడా తల దించుకునే నిలబడింది.

అప్పటినుంచే కర్లూ పిట్ట మనుషుల ఇళ్ళ దగ్గరికి రాదు. బురదనేలలో ఒంటరిగా, నేలమీదే గుడ్లు పెట్టుకుంటుంది. పాడబోయిన ప్రతిసారీ ఏడుస్తుంది.