మస్తాన్ ఎడమ చేతి గ్లవ్

1986 జనవరి 19, ఆదివారం. తెల్లవారుజామున బిట్రగుంట మీద మంచు దట్టంగా పడింది. ఎనిమిదింటికి గానీ రైలు కట్ట కనిపించలేదు. తొమ్మిది దాటాక సముద్రం వైపు నుంచి చల్లగాలి తిరిగి, మంచు విడిపోయి, పల్చటి ఎండ కాసింది. రోడ్డు ఆరేదాకా ఆగి, పదింటికి పందెం మోటార్‌సైకిల్‌ను బయటికి తీశారు.

జువ్వలదిన్నె పోయే రోడ్డు సరుగుడు తోపుల మధ్య కొంత దూరం గీత గీసినట్టు ఉంటుంది. మస్తాన్ కల్వర్టు దగ్గర బయలుదేరి, అవతలి మైలురాయి దగ్గర తిప్పుకుని మళ్ళీ కల్వర్టు దగ్గరికి వచ్చాడు. అలా మూడుసార్లు తోలాడు. మూడుసార్లూ పెంచలయ్య చేతిలో నొక్కి ఆపే గడియారం ఒకే లెక్క చూపించింది. రెండు నిమిషాల పదకొండు సెకండ్లు.

పోయిన సంవత్సరం ఇదే రోడ్డు మీద ఇదే మస్తాన్ రెండు నిమిషాల ఎనిమిదిలో వచ్చాడు. ఆ ఇంజన్ జకరయ్య మేస్త్రి కట్టింది. ఈ ఇంజన్ ఆయన దగ్గర పని నేర్చుకున్న పెంచలయ్య కట్టింది.

మూడు సెకండ్లంటే మనకు ఒక తుమ్ము. పందెంలో అది ఇంచుమించు ఊరికీ ఊరికీ మధ్య ఉండే దూరం. పెంచలయ్యకు మింగుడు పడలేదు. ఎనిమిది నెలలు కూర్చుని, పొగ బయటికి పోయే దారిని వెంట్రుకవాసి చొప్పున ఆకురాయితో అరగదీసి పైకి జరిపాడు. నూనె డబ్బాల రేకు కత్తిరించి సైలెన్సరు అతికించాడు. ఆ ఇంజన్ అరుపు వింటే, పాతదాని కంటే ఇది బలమైనదని చెవిటివాడు కూడా చెప్తాడు. మరి తేడా ఎక్కడున్నట్టు? తోలేవాడిలో ఉన్నట్టే.

మస్తాన్ బండి అప్పగించి, గ్లవ్స్ తీసి సీటు మీద పెట్టి, రైల్వే గేటు దగ్గరి టీ కొట్టుకు నడిచిపోయాడు. అతను కావలిలో పాల వ్యాను నడుపుతాడు. మాట తక్కువ మనిషి. మూడేళ్ళుగా మేస్త్రి బండ్లకు అతనే రైడరు. ఏడాది పొడుగునా పాల క్యాన్ల మధ్య గడిపే మనిషికి ఫిబ్రవరిలో పందెం జరిగే ఆ ఒక్క ఆదివారమే పండగ.

పెంచలయ్య బండిని మేస్త్రి ఇంటి షెడ్డుకు నెట్టుకొచ్చి, ఆయన ముందు నిలబడ్డాడు. మస్తాన్‌కు భయం పట్టుకుందన్నాడు. పెళ్ళయ్యాక మనిషి మెత్తబడ్డాడన్నాడు. గూడూరులో ఒక కుర్రాడున్నాడు, చావుకు తెగించి తోలతాడు, అతన్ని పెట్టుకుందామన్నాడు. పందెం ఫారం రేపు పోస్టులో పడాలి. అందులో రైడరు పేరు రాసే గడి ఇంకా ఖాళీగానే ఉంది.

జకరయ్య మేస్త్రి గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. ఆయన బిట్రగుంట లోకో షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిట్టరుగా చేశాడు. ఆవిరి ఇంజన్ పక్కన నిలబడితే దాని చక్రం ఆయన భుజం దాకా వచ్చేది. అంతటి ఇనుముతో బతికిన మనిషి రిటైరయ్యాక, గుప్పిట్లో పట్టే పిస్టన్ల మీద మనసు పడ్డాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఇవి చిన్నవి కదా, అబద్ధం దాగదు అనేవాడు. మద్రాసుకు ఇవతల పాత రన్‌వే మీద ఏటా పందేలు జరిగేవి. డబ్బున్నవాళ్ళు అక్కడికి మూడేసి ఇంజన్లు పెట్టెల్లో పెట్టుకొచ్చేవాళ్ళు. మేస్త్రి ఒక్క బండిని ఉల్లిపాయల లారీలో వేసుకుని పోయేవాడు. రెండుసార్లు రెండో స్థానం వచ్చింది. మొదటిది ఎప్పుడూ రాలేదు.

ఆయన పెంచలయ్య చెప్పిందంతా విన్నాడు. చేతిలో ఆకురాయిని బ్రష్షుతో తుడుస్తూనే ఉన్నాడు.

"ఆ గ్లవ్స్ ఇట్టా తీసుకురా," అన్నాడు.

పెంచలయ్య తెచ్చాడు. కావలిలో చెప్పులు కుట్టేవాడి చేత కుట్టించుకున్న మేకతోలు గ్లవ్స్ అవి. మేస్త్రి ఎడమ చేతిదాన్ని బల్ల మీద వెల్లకిలా పరిచాడు. చూపుడు వేలు, నడిమి వేలు లోపలి వైపు తోలు పూర్తిగా అరిగిపోయి, రెండు చిల్లులు పడి ఉన్నాయి. మిగతాదంతా కొత్తదానిలాగే ఉంది.

"క్లచ్ పట్టుకునే వేళ్ళు కదా మేస్త్రీ, అరగవా?" అన్నాడు పెంచలయ్య.

మేస్త్రి లేచి, గోడ మేకుకు వేలాడుతున్న పాత గ్లవ్ ఒకటి తీసి దాని పక్కన పరిచాడు. అది కూడా ఎడమ చేతిదే. అరచేతి మధ్యలో తోలు పల్చబడి, నలుపెక్కి ఉంది. వేళ్ళు మాత్రం గట్టిగా ఉన్నాయి.

"ఇది ఎవరిది?" అని అడిగాడు పెంచలయ్య.

"ఇదీ మస్తాన్‌దే. పోయినేడు ఏడాదంతా తోలింది దీంతోనే. గేర్లు అప్పుడూ నాలుగే."

పెంచలయ్య రెండు గ్లవ్స్‌నూ మార్చి మార్చి చూశాడు.

బండ్లు తెలియని వాళ్ళ కోసం ఒక సంగతి. ఈ రకం ఇంజన్‌కు నూనె వేరుగా ఉండదు, పెట్రోల్లోనే కలిపి పోస్తారు. బలం కోసం మరీ బిగించి కడితే, వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. పట్టేసిన క్షణంలో వెనక చక్రం నిలిచిపోతుంది. కన్ను మూసి తెరిచేలోపు క్లచ్ నొక్కితే మనిషి బతుకుతాడు. అందుకని ఇంజన్ మీద నమ్మకం లేని రైడరు తోలినంతసేపూ రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉంచుతాడు. అప్పుడు హ్యాండిల్ మీద పట్టుండదు. మలుపుకు చాలా ముందే చెయ్యి దానంతటదే వేగం తగ్గిస్తుంది.

ఈ సంగతులు పెంచలయ్యకు తెలియనివి కావు. పెంచలయ్య తనకొక్కడికే తెలుసనుకున్న సంగతి ఇంకొకటి ఉంది. డిసెంబరులో రెండుసార్లు ఆ పిస్టన్ పట్టింది. రెండుసార్లూ మస్తాన్ కిందామీదా పడి, ఎలాగో నిలబెట్టుకొచ్చాడు. పెట్రోల్లో చెత్త వచ్చిందిలే అని పెంచలయ్య అతనికి చెప్పాడు. మేస్త్రికీ అదే చెప్పాడు. ఎవరూ లేనప్పుడు పిస్టన్ బయటికి తీసి, గీతల్ని గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, మళ్ళీ అదే పెట్టేశాడు.

మేస్త్రి చిల్లుల గ్లవ్స్ అతని చేతికిచ్చాడు.

"తొడుక్కుని నువ్వు తోలి రా. నేను టైం చూస్తా."

కల్వర్టు దాకా ఇద్దరూ బండి నెట్టుకుంటూ నడిచారు. పెంచలయ్యకు తోలడం బాగానే వచ్చు. బయలుదేరాడు. రెండో గేరు, మూడో గేరు. ఇంజన్ గొంతు పెరిగింది. ఎనిమిది నెలలుగా పక్కన నిలబడి విని మురిసిపోయిన గొంతు అది. ఇప్పుడు అతని తొడల మధ్య ఉంది. నాలుగో గేరు వేశాక సరుగుడు చెట్లు విడివిడిగా కనిపించడం మానేశాయి. గొంతు ఇంకా సన్నబడింది. ఎక్కడో ఒక చిన్న గరగర వినిపించినట్టయింది. వినిపించలేదేమో కూడా.

అతను కిందికి చూశాడు. ఎడమ చేతి వేళ్ళు రెండు క్లచ్ మీద ఉన్నాయి. తోలు చిల్లుల్లోంచి అతని సొంత చర్మం ఆ ఇనపకడ్డీకి ఆనుకుని తెల్లగా బిగుసుకుపోయి ఉంది. ఎప్పుడు పెట్టాడో అతనికి తెలియదు. తీద్దామనుకున్నాడు. వేళ్ళు మాట వినలేదు.

మైలురాయి దాకా పోలేదు. మధ్యలోనే వేగం తగ్గించి, తిప్పుకుని, మెల్లగా వచ్చేశాడు.

కల్వర్టు దగ్గర బండి ఆపి చాలాసేపు దిగలేదు. తర్వాత, టైం ఎంత అని అడిగాడు.

"నేను నొక్కలేదు," అన్నాడు మేస్త్రి. గడియారాన్ని జేబులో వేసుకుని షెడ్డు వైపు నడిచిపోయాడు.

పెంచలయ్య టీ కొట్టుకు పోయాడు. మస్తాన్ బెంచీ మీద కూర్చుని, గేటు వేస్తుంటే చూస్తున్నాడు. పెంచలయ్య పక్కన కూర్చుని, గూడ్సు బండి మొత్తం పోయేదాకా ఆగాడు. ఆ తర్వాత చెప్పాడు. పెట్రోల్లో చెత్త లేదనీ, రెండుసార్లు పట్టిందనీ, గరుకు కాగితం సంగతీ, గూడూరు కుర్రాడి సంగతీ అంతా చెప్పాడు.

మస్తాన్ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు తెలుసన్నా. పట్టినప్పుడు దాని మీదుండేది నేనే గదా."

"మరి ఎందుకు అడగలేదురా?"

"నువ్వు చెప్తావని చూస్తుండా."

"మేస్త్రికైనా చెప్పొచ్చు గదా?"

"చెప్తే నిన్ను తీసేస్తాడు. నువ్వు కట్టిన మొదటి బండి గదన్నా ఇది," అన్నాడు మస్తాన్. ఆపైన ఇంకో టీ చెప్పాడు.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి షెడ్డు బల్ల మీద ఫారం, దాని మీద పెన్ను ఉన్నాయి. ఖాళీ గడి ఖాళీగానే ఉంది. మేస్త్రి లోపల అన్నం తింటున్నాడు. పెంచలయ్య నిలబడే షేక్ మస్తాన్ అని రాశాడు. ఆ తర్వాత స్పానర్లు తీసుకుని, మస్తాన్ ఎదురుగానే ఇంజన్ విప్పడం మొదలుపెట్టాడు. గీతలు పడ్డ పిస్టన్‌ను బయటికి తీసి మస్తాన్ అరచేతిలో పెట్టాడు. కొత్తదానికి చోటు కొంచెం ఎక్కువ ఇచ్చాడు. పెట్రోలు కొంచెం ఎక్కువ పారేట్టు చేశాడు. ఎనిమిది నెలల అరుపులో కొంత పోయింది.

పందెంలో వాళ్ళ బండికి నాలుగో స్థానం వచ్చింది. ఆ రోజు మస్తాన్ చేతికి ఉన్నది మేకుకు వేలాడిన పాత గ్లవ్. ఆ మేకుకు చిల్లుల గ్లవ్‌ను ఎవరు తగిలించారో ఎవరూ అడగలేదు.

జకరయ్య మేస్త్రి 1994 ఆగస్టులో పోయాడు. జ్ఞాపకార్థ ప్రార్థన అయ్యాక ఆయన రాసిపెట్టిన కాగితాన్ని పాస్టరుగారు చదివారు. ఇల్లు కూతురు సలోమికి. లేతు మిషను అల్లుడికి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు నాటి ఆకురాళ్ళు ఒంగోలులో పిల్లలకు చేతిపని నేర్పే బడికి. గడియారం మస్తాన్‌కు. మద్రాసు నుంచి ఇద్దరు మనుషులు మేస్త్రి కొలతల పుస్తకం కోసం వచ్చి కూర్చున్నారు. అలాంటి పుస్తకం లేదు, ఆయన ఎప్పుడూ రాసుకోలేదు.

పెంచలయ్యకు ఏమీ రాలేదు. కాగితంలో అతని పేరే లేదు.

పదిహేనేళ్ళు పక్కన పనిచేసినవాడికి ఇదేం న్యాయమని వాకిట్లో ఒకరిద్దరు గొణిగారు. పెంచలయ్య సలోమికి చెప్పి, చెప్పులు వేసుకుని, బయటికి వచ్చాడు. నెల్లూరు పోవాలి. బండి పెంచలయ్య కట్టింది. మస్తాన్ ముందు కూర్చున్నాడు, పెంచలయ్య వెనక.

కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కాక రోడ్డు ఖాళీగా దొరికింది. మస్తాన్ వేగం పెంచాడు. పెంచలయ్య అతని భుజం మీదుగా ఎడమ చేతి వైపు చూశాడు.

అయిదు వేళ్ళూ గ్రిప్ చుట్టూ ఉన్నాయి.